రోజూ జేబులో ఉండే మడత చాకు: నాది ఏది, మీకు ఏది నప్పుతుంది

పాతకాలపు పద్ధతిలో చేసిన మడత చాకుల్లో రోజూ జేబులో పెట్టుకునేది ఏది, అదే ఎందుకు అని అడిగారు. పార్సిళ్లు విప్పడానికి, పళ్లు కోయడానికి, అప్పుడప్పుడు తాడు తెంచడానికి ఫ్రెంచి చెక్కపిడి చాకు ఓపినెల్‌లో 8 నంబరు కొనాలా, మూడు బ్లేడ్ల స్టాక్‌మన్ కొనాలా అని కూడా రాశారు. ముందు నా జేబులో ఉన్నదాని గురించి చెప్పి, తర్వాత మీ ప్రశ్నకు వస్తాను.

నేను పెట్టుకునేది ఒకే బ్లేడున్న బార్లో. మూస్తే 9 సెంటీమీటర్లకు లోపే ఉంటుంది. కార్బన్ స్టీల్ బ్లేడు, గాట్లు పెట్టిన ఎముక పిడి. తెరిచిన బ్లేడును మూసుకోకుండా పట్టి ఉంచే లాక్ లేదు. బార్లో నమూనాను చూడగానే గుర్తుపట్టవచ్చు. బ్లేడు తిరిగే చోట పిడికి ఉండే లోహపు తొడుగు, అంటే బోల్‌స్టర్, మిగతా చాకుల్లో చిన్నదిగా ఉంటుంది. బార్లోలో అది పిడి పొడవులో దాదాపు మూడో వంతు ఉంటుంది. చాకులో ఎక్కువ ఒత్తిడి పడేది ఆ కీలు మీదే కాబట్టి అక్కడ లోహం ఎక్కువ పెడితే చాకు ఏళ్లపాటు వదులు కాకుండా నిలుస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మొదలైన ఈ నమూనా తర్వాత అమెరికాలో బాగా పేరు తెచ్చుకుంది. అలంకారం ఏమీ ఉండదు. నాకు నచ్చింది కూడా అదే.

అయితే ఈ చాకును నేను వదలకపోవడానికి అసలు కారణం బ్లేడు సన్నదనం. చాకులు కొనేవాళ్లు ఎక్కువగా స్టీల్ పేరు చూస్తారు, పిడి అందం చూస్తారు. కోతను నిర్ణయించేది మాత్రం బ్లేడు మందం, అంచు వెనక ఎంత సన్నగా అరగదీశారు అన్నదే. పాత పద్ధతి చాకుల్లో బ్లేడు వీపు దగ్గర సుమారు 2 మిల్లీమీటర్లే ఉంటుంది. అక్కడి నుంచి అంచు వరకు సన్నబడుతూ వస్తుంది. ఇప్పటి లాక్ చాకులు చాలావాటిలో ఆ మందం 3 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువే. అలాంటి బ్లేడుతో ఆపిల్ కోసి చూడండి. అంచు ఎంత పదునుగా ఉన్నా సగం దిగాక మందపాటి భాగం పండును రెండు వైపులకూ నెట్టేస్తుంది. పండు తెగదు, పగులుతుంది. మందపు అట్టపెట్టెలోనూ అంతే, బ్లేడు మధ్యలో బిగుసుకుపోతుంది. సన్న బ్లేడుకు ఆ ఇబ్బంది లేదు, చెయ్యి బలం వాడే అవసరమే రాదు. సన్న బ్లేడుతో డబ్బా మూతలు ఎత్తకూడదు, స్క్రూలు తిప్పకూడదు. మొన విరుగుతుంది. అది చాకు లోపం కాదు, ఆ పనికి వేరే పనిముట్లు ఉన్నాయి.

లాక్ లేకపోతే వేళ్ల మీద మూసుకోదా అన్నది కొత్తవాళ్ల మొదటి భయం. ఆ భయం పోవాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఈ రకాన్ని స్లిప్‌జాయింట్ అంటారు. పిడి వీపు పొడవునా ఒక బలమైన ఉక్కు స్ప్రింగ్ ఉంటుంది. బ్లేడు మొదలును చదునైన ముఖాలుండేలా అరగదీస్తారు. పూర్తిగా తెరిచినప్పుడు ఒక చదును మీద, మూసినప్పుడు ఇంకో చదును మీద స్ప్రింగ్ నొక్కి పడుతుంది. కొన్నింటిలో సగం తెరిచినప్పుడు, 90 డిగ్రీల దగ్గర, మరో చదును ఉంటుంది. దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. బ్లేడు అక్కడ ఒకసారి ఆగుతుంది కాబట్టి మూసేటప్పుడు వేళ్లు తీసుకునే వ్యవధి దొరుకుతుంది. కొత్తవాళ్లు ఇది ఉన్న చాకే తీసుకుంటే మంచిదని నా అభిప్రాయం.

కోసేటప్పుడు వస్తువు అంచును పైకి నెడుతుంది. అంటే బ్లేడు ఇంకా తెరుచుకునే వైపుకే బలం పడుతుంది. మామూలు కోతలో చాకు మూసుకోకపోవడానికి కారణం ఇదే. ప్రమాదం మూడు చోట్ల ఉంది. మొనతో గుచ్చినప్పుడు, వీపుతో దేన్నైనా కొట్టినప్పుడు, చెక్కలోనో మందపు ప్లాస్టిక్‌లోనో ఇరుక్కున్న బ్లేడును అటూ ఇటూ ఊపుతూ పైకి లాగినప్పుడు. ఇరుక్కుంటే వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి తీయాలి. గట్టి ప్లాస్టిక్ ప్యాకెట్లను గుచ్చి తెరిచే అలవాటు ఉన్నవాళ్లు వాటిని అంచు వైపు నుంచి కోయడం నేర్చుకోవాలి. కొద్ది రోజుల్లోనే చేతికి వస్తుంది. లాక్ ఉన్న చాకుతో కూడా అలాగే కోస్తే మంచిది, ఎందుకంటే ఏ లాక్ అయినా విఫలం కావచ్చు.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూసే అవకాశం ఉంటే బాగా పరీక్షించండి. మూసి పైనుంచి చూస్తే బ్లేడు మధ్యలో ఉండాలి, పక్క రేకులకు రాసుకోకూడదు. తెరిచి మొన పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ కదిపితే వదులు ఉండకూడదు. పక్కలకు అతి కొద్దిగా కదిలితే నేను పట్టించుకోను గానీ, పైకీ కిందికీ కదిలే చాకును తిరిగి ఇచ్చేస్తాను. చాకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే స్ప్రింగుకూ పక్క రేకులకూ మధ్య సందులోంచి వెలుగు కనబడకూడదు. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగ్ వీపు పిడితో సమంగా ఉందో లేదో బొటనవేలితో రాసి చూడండి. చేసినవాళ్ల పనితనం అక్కడే బయటపడుతుంది.

స్ప్రింగ్ బిగువు గురించి కూడా చెప్పాలి. అభిమానులు దీన్ని 1 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పుకుంటారు. 5 దగ్గర ఉంటే రోజువారీకి హాయి. 8 దాటితే తెరవడానికి గోరు విరిగేంత పనవుతుంది. అంత బిగువును నాణ్యతగా పొగిడేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. తెరవడం కష్టమైన చాకు జేబులోనే ఉండిపోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని చాకులను టక్కున మూస్తే అంచు లోపలి స్ప్రింగుకు తగిలి చిన్న గాటు పడుతుంది. మూసేటప్పుడు బ్లేడును చివరిదాకా వేళ్లతో పట్టుకుని దించితే ఆ సమస్యే రాదు.

కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అని వాదించుకోవడం అభిమానుల్లో ఎప్పటికీ తెగదు. నేను కార్బన్ వైపు. అమెరికన్ సంప్రదాయ చాకుల్లో తరచూ కనబడే 1095 స్టీల్‌లో సుమారు 0.95 శాతం కార్బన్ ఉంటుంది. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కావలసిన 10.5 శాతం క్రోమియం ఇందులో లేదు. కాబట్టి పండ్ల రసం తగలగానే రంగు మారుతుంది. మొదట నీలం, తర్వాత బూడిద రంగు, చివరకు ముదురు నలుపు. దీన్ని పాటినా అంటారు. కొత్త చాకు మొదటి నెలలో మచ్చలు పడుతుంటే చాలామందికి టెన్షన్ వస్తుంది. అక్కర్లేదు. నలుపు, నీలం మచ్చలు బ్లేడును కొంతవరకు కాపాడతాయి. ఎర్రగా, పొడిపొడిగా వచ్చేదే తుప్పు. అది కనబడిన రోజే నూనె వేసి రుద్ది తీసేయాలి. పాటినా పట్టిన బ్లేడును మళ్లీ మెరిసేలా పాలిష్ చేయడం నాకు అసలు ఇష్టం ఉండదు. ఆ రంగులు ఏ ఇద్దరి చాకుల మీదా ఒకేలా రావు.

వాడాక తుడవడం, తడి ఉంటే ఆరనిచ్చి మూయడం, కీలులో అప్పుడప్పుడు ఒక చుక్క మినరల్ ఆయిల్ వేయడం, అంతే సంరక్షణ. వంటనూనె వేయొద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారి కీలు బిగుసుకుంటుంది. పదును తగ్గిందనిపించగానే తోలు పట్టీ మీద నాలుగైదుసార్లు లాగితే మళ్లీ వస్తుంది. రాయి అవసరమైతే 1000 గ్రిట్ (రాయి నునుపును చెప్పే అంకె) నీటి రాయి చాలు. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం ఉండాలి. గరుకు రాయితో మొదలుపెడితే సన్న బ్లేడు అనవసరంగా అరిగిపోతుంది. ఎక్కువ రోజులు వాడకుండా దాచేటప్పుడు తోలు ఒరలో ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని శుద్ధి చేసిన రసాయనాలు కూడా లోహానికి మంచివి కావు. పాత చాకులు సేకరించేవాళ్లకు ఇంకో మాట. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని మిగతావాటితో కలిపి ఒకే పెట్టెలో పెట్టవద్దు. సెల్యులాయిడ్ పాడవుతున్నప్పుడు వచ్చే ఆవిరులు దాని బ్లేడునే కాక పక్కన ఉన్న చాకుల బ్లేడ్లను కూడా తుప్పు పట్టిస్తాయి.

నా దగ్గర ఉన్న మిగతావి వంతులవారీగా జేబులోకి వస్తుంటాయి. వాటిలో అల్యూమినియం పిడి ఉన్న విక్టోరినాక్స్ అంటే గౌరవం. స్విట్జర్లాండులోని ఇబాఖ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పని మొదలుపెట్టి, 1891లో సైనికులకు చాకులు అందించి, 1897లో ఆఫీసర్ చాకు (ఇప్పుడు స్విస్ ఆర్మీ చాకుగా పేరున్నది) నమూనాకు చట్టపరమైన రక్షణ హక్కు తీసుకున్నాడు. ఒకే స్ప్రింగ్ మీద రెండు వైపులా పనిముట్లు నిలిపిన ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. దాని స్టీల్ మెత్తన, తరచూ పదును పెట్టాలి, కానీ పదును పెట్టడం అంత సులువైన చాకు ఇంకోటి లేదు. తడి పనులకు దాన్నే తీసుకెళ్తాను. జపాన్‌లోని మికీ పట్టణంలో చేసే హిగోనోకామి ఇంకా సరళం. మడిచిన ఇత్తడి రేకు పిడి, బ్లేడు వెనక బయటికి పొడుచుకొచ్చిన చిన్న తోక, అంతే. స్ప్రింగ్ కూడా లేదు. బొటనవేలు ఆ తోక మీద ఉన్నంతసేపూ బ్లేడు కదలదు. పెన్సిల్ చెక్కడానికి దానికి మించింది నేను చూడలేదు. ఫ్రాన్స్ నుంచి వచ్చే లాగియోల్ అందమైనదే గానీ, ఆ పేరు ఏ ఒక్క తయారీదారుదీ కాదు. అదే పేరుతో నాసిరకం చాకులు బోలెడు దొరుకుతాయి. ఎవరు చేశారో తెలియకుండా కొనకండి.

ఇక మీ ప్రశ్న. స్టాక్‌మన్ పశువుల కాపరుల పనికోసం రూపొందిన చాకు. మొన తేలిన క్లిప్ బ్లేడు, నిటారు అంచున్న షీప్స్‌ఫుట్, గుండ్రని మొనతో స్పే, మూడూ ఒకే పిడిలో ఇముడుతాయి. అమెరికాలోని బ్రాడ్‌ఫోర్డ్‌లో ఉన్న కేస్ కంపెనీ చేసే 6318 దీనికి మంచి ఉదాహరణ. వాళ్ల అంకెల్లో 6 అంటే ఎముక పిడి, 3 అంటే బ్లేడ్ల సంఖ్య, 18 నమూనా. ఇలాంటివి చదువుకుంటూ, 1970 నుంచి వాళ్లు చుక్కలతో వేస్తున్న సంవత్సరం గుర్తులు లెక్కపెట్టుకుంటూ గంటలు గడపవచ్చు, నేను గడుపుతాను కూడా. ఒకటి కంటే ఎక్కువ బ్లేడ్లు ఉండటంలో నాకు కనబడిన అసలైన లాభం శుభ్రతే. ఒకటి పళ్లకు, ఇంకోటి టేపు జిగురుకూ మట్టి తాళ్లకూ. మూడోదాన్ని చాలామంది తెరవనే తెరవరు. అది పక్కన ఉన్నందుకు పిడి లావవుతుంది, కోసేటప్పుడు మూసి ఉన్న బ్లేడ్ల వీపులు అరచేతికి గుచ్చుకుంటాయి.

ఓపినెల్ పూర్తిగా వేరే దారి. ఫ్రాన్స్‌లోని సవోయి ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో చేసిన రూపమే ఈనాటికీ దాదాపు అలాగే ఉంది. గుండ్రటి బీచ్ చెక్క పిడి, సన్నటి బ్లేడు. 1955లో చేర్చిన విరోబ్లాక్ అనే తిరిగే రింగ్ బ్లేడును పట్టి ఉంచుతుంది. 8 నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు. బరువు తెలియనే తెలియదు. చెక్క తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. అప్పుడు పిడి వెనక భాగాన్ని బల్లకు తట్టితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది, వేళ్లతో పట్టుకుని తెరవవచ్చు. చట్టం సంగతి మాత్రం మీ దేశంలో కనుక్కోండి. ఉదాహరణకు బ్రిటన్‌లో తగిన కారణం లేకుండా వెంట తీసుకెళ్లడానికి వీలైనది లాక్ లేని, అంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు, దాటని మడత చాకు మాత్రమే. రింగ్ ఉంది కాబట్టి ఓపినెల్ 8 అక్కడ ఈ మినహాయింపులోకి రాదు. విమానం క్యాబిన్‌లోకి ఏ చాకునూ వెంట తీసుకెళ్లకపోవడమే మంచిది.

పది మందిలో ఉన్నప్పుడు చాకు తీసే తీరు కూడా ముఖ్యం. రెండు చేతులతో నెమ్మదిగా తెరిచి, పని అయ్యాక మూసి జేబులో పెట్టుకుంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఎవరైనా అడిగితే మూసే ఇవ్వండి, తెరిచి ఇవ్వకండి.

మీరు చెప్పిన పనుల్లో సగం పళ్లు, సగం పార్సిళ్లు. మీ దగ్గర లాక్ చాకుకు అభ్యంతరం లేకపోతే ఓపినెల్ 8 కొనండి. తడి వస్తువులు ఎక్కువైతే స్టెయిన్‌లెస్ రకం, కాకపోతే కార్బన్ రకం. లాక్ కుదరని చోట ఉంటే మూడు బ్లేడ్ల స్టాక్‌మన్ కాకుండా ఒకటో రెండో బ్లేడ్లున్న సన్నటి స్లిప్‌జాయింట్ వెతకండి. ఏది కొన్నా ఇంకోటి కొనే ముందు దాన్నే కొన్ని నెలలు రోజూ వాడండి. పిడి పొట్టిగా ఉందో, బ్లేడు పొడవెక్కువైందో, రెండో బ్లేడు నిజంగా కావాలో అప్పటికి మీకే తెలుస్తుంది.