ప్రెస్‌నోట్ రాయడం వస్తే సరిపోదా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ జర్నలిజం పూర్తిచేసింది. ప్రెస్‌నోట్లు, కరపత్రాలు బాగా రాస్తుంది. ఇంటర్వ్యూలకు వెళ్తే వాట్సాప్, చాట్‌బాట్ (అడిగినవాటికి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్) పని వచ్చా అని అడుగుతున్నారట. డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పించమంటారా?
– ఓ తండ్రి, తెనాలి

జవాబు: ఫీజు కట్టేముందు రెండు నెలలు ఆగండి. ఆ కోర్సులు ఎక్కువగా ప్రకటనలు, సెర్చ్ ర్యాంకుల చుట్టూ తిరుగుతాయి. ఆస్పత్రికో, సహకార బ్యాంకుకో, ప్రభుత్వ శాఖకో కావాల్సింది వేరు. సందేశం చదివినవాళ్లు వెంటనే ఎదురు ప్రశ్న వేసేచోట తెలుగులో రాయగలిగే మనిషి కావాలి. ప్రెస్‌నోట్ పంపితే పని అయిపోతుంది. వాట్సాప్‌లో పంపాకే పని మొదలవుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే పౌర సేవలందించే ‘మన మిత్ర’ను 161 సేవలతో మొదలుపెట్టింది. ముందు దాన్ని వాడి చూడమనండి. ఏ మెనూ తర్వాత ఏది వస్తోంది, తప్పు నంబరు కొడితే ఏమంటోంది, వెనక్కి ఎలా రావాలి... అన్నీ కాగితం మీద గీసుకోవాలి.

తర్వాత కొలతలు. సంస్థలు వాడే వాట్సాప్ బిజినెస్‌లో ఒక సందేశానికి మూడు జవాబు బటన్లే పెట్టగలం, ఒక్కోదానిమీద 20 క్యారెక్టర్లు. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ఆదాయ ధ్రువీకరణ పత్రం’ సరిగ్గా 20, పడుతుంది. ‘నివాస ధ్రువీకరణ పత్రం’ 21, పట్టదు! ఇంగ్లిష్‌లో మెనూ తయారుచేసి చివర్లో తెలుగు చేయించేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ‘నివాస పత్రం’ అంటే చాలని మొదటే తోచడం మీ అమ్మాయి బలం కావాలి.

ఇంకో చిక్కు, 24 గంటల గడువు. అవతలివాళ్ల చివరి సందేశం నుంచి అంతవరకే మనం సొంత మాటల్లో జవాబివ్వగలం. గడువు దాటితే వాట్సాప్ నుంచి ముందే ఆమోదం పొందిన టెంప్లేటే (రాసిపెట్టుకున్న నమూనా సందేశమే) పంపాలి. శనివారం సాయంత్రం వచ్చిన ఫిర్యాదును సోమవారం చూద్దామనుకుంటే తలుపు మూసుకుపోయినట్టే. ఆదివారం ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోని సంస్థలో ఎంత మంచి చాట్‌బాట్ ఉన్నా ఉపయోగం లేదు. పండగ శుభాకాంక్షలు, ఆఫర్లు గుప్పించినా ముప్పే: జనం బ్లాక్ చేస్తారు, మన నంబరుకు వాట్సాప్ ఇచ్చే నాణ్యత రేటింగ్ పడిపోతుంది.

ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక నమూనా చేయమనండి. కాలేజీ పరీక్ష ఫీజు సర్క్యులర్ తీసుకుని, విద్యార్థులు అడిగే పది ప్రశ్నలు రాసి, ఒక్కోదానికి మూడు వరుసల్లో జవాబివ్వాలి. ఏ ప్రశ్నను మనిషికి అప్పగించాలో గుర్తుపెట్టాలి. అయిదుగురి చేత వాడించి, ఎవరు ఎక్కడ ఆగారో రాసుకోవాలి. వారిలో ఒకరైనా అరవై దాటినవారు ఉండాలి. చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, లేదా వాయిస్ మెసేజ్ పెడతారు. తెలుగు లిపి మాత్రమే తెలిసిన చాట్‌బాట్ అక్కడ ‘అర్థం కాలేదు’ అంటుంది. సంస్థ ఫేస్‌బుక్ పేజీలో అందరికీ కనిపించే కామెంట్‌లో ఆధార్ నంబరు పెట్టేవాళ్లూ ఉంటారు. దాన్ని వెంటనే కనపడకుండా చేసి, విడిగా సందేశం పంపాలి.

అన్నట్టు, అమ్మాయి డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో టైపు చేస్తోందా? ఆ మ్యాటర్ వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఈ వారమే అన్ని ఫోన్లలోనూ సరిగ్గా కనిపించే యూనికోడ్‌కు మారమనండి, దాన్ని టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంటుంది. ఎనలిటిక్స్ (ఎంతమంది చూశారు, ఎక్కడ ఆగారు వంటి లెక్కలు) ప్రాథమికాంశాలు గూగుల్ శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో ఉచితంగానే నేర్చుకోవచ్చు.