తులసి సంగతి తర్వాత, ముందు తెమడ పరీక్ష

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. షుగర్, బీపీ గోలీలు వాడుతున్నాను. నెల నుంచి దగ్గు. రోజూ పరగడుపున ఇరవై తులసి ఆకుల కషాయం తాగుతున్నా. మెడికల్ షాపులో ఇచ్చిన గోలీలు ఐదు రోజులు వేసుకుంటే తగ్గి, మళ్లీ మొదలైంది. తులసిని వంటలో, ఇంకా దేనికైనా వాడొచ్చా? సబ్జా గింజలు దీనివేనా? తొమ్మిది నెలల మనవడికి తులసి రసం తేనెతో పట్టొచ్చా?

జవాబు: మీ ప్రశ్నలన్నీ తులసి మీదే. దగ్గు మాత్రం పక్కన పెట్టేశారు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా టీబీ కాదని తేల్చుకోవాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు రెండు మూడు రెట్లు. పైగా ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడు. ఈ వారమే పీహెచ్‌సీకి వెళ్లండి, తెమడ పరీక్షకు పైసా తీసుకోరు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. ఉత్త ఉమ్మి ఇస్తే జబ్బున్నా రిపోర్టులో లేదనే రావచ్చు. ఎక్స్‌రే కూడా తీయించండి.

షాపు గోలీల పేరు రాయలేదు. లివోఫ్లాక్సాసిన్ లాంటిదైతే టీబీ క్రిమిని కొన్నాళ్లు అణిచి ఉంచుతుంది. దగ్గు తగ్గినట్టుంటుంది, జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఖాళీ అట్ట ఉంటే డాక్టర్‌కు చూపించండి. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడుతుంటే వాటివల్లా పొడిదగ్గు వస్తుంది. అలాగని మీరే ఆపేయకండి, అడిగి మార్పించుకోండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.

మనవడికి తేనె వద్దు. ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించొద్దు. తేనెలో ఉండగల బొటులినం అనే క్రిమి బీజాలు పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం వదులుతాయి. ఒళ్లంతా వాలిపోతుంది, పాలు తాగలేరు. వేడి చేసినా ఆ బీజాలు చావవు. బాబుకీ దగ్గుంటే నిద్రపోతున్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, 50 లేదా అంతకన్నా ఎక్కువుంటే వెంటనే దవాఖానకు. చెవిపోటుకు తులసి రసం పిండే అలవాటుంటే మానండి, కర్ణభేరికి చిల్లు ఉంటే రసం లోపలికి పోతుంది.

వంటకు తులసి మంచిదే. చారు దించాక నాలుగైదు ఆకులు తుంచి వేసి మూత పెట్టండి. పొయ్యి మీద మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. పరగడుపున ఇరవై ఆకుల కషాయమే నాకు నచ్చలేదు. గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ వాడేవాళ్లకు షుగర్ మరికాస్త పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ ఉన్నవాళ్లు కషాయాల సంగతి ముందే డాక్టర్‌కు చెప్పాలి. సీసాల్లో అమ్మే తులసి నూనె మాత్రం తాగకండి.

సబ్జా మన పూజ తులసి గింజ కాదు, దాని చుట్టం. పిజ్జాపై వేసే బేసిల్ ఆ జాతిదే. చెంచా గింజల్ని గ్లాసు నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. ఫలూదాలో కాదు, పలుచటి మజ్జిగలో వేసుకోండి.