సమాధానం: 1888 స్పాల్డింగ్ గైడ్ ఒరిజినలా, రీప్రింటా?

అన్నా, ఎస్టేట్ సేల్‌లో (ఒకరి ఇంటి సామానంతా అమ్మేసే చోట) దొరికిన 1888 స్పాల్డింగ్ బేస్‌బాల్ గైడ్, అంటే అమెరికాలో ఏటా వచ్చిన ఆ బేస్‌బాల్ పుస్తకం, అసలుదా కాదా, చిరిగిన అట్టకి టేప్ వేయొచ్చా అని అడిగారు కదా, ముందు టేప్ పక్కన పెట్టేయండి ప్లీజ్, లామినేషన్ మాట అసలు ఎత్తొద్దు, ఆ జిగురు నాలుగేళ్లకి పసుపు మరకై కాగితంలోకి దిగితే ఇక వదలదు.

ఒక 10ఎక్స్ భూతద్దం తెచ్చుకుని అక్షరాల అంచులు చూడండి, అప్పట్లో సీసం అచ్చుతో నొక్కి వేసేవాళ్లు కాబట్టి అంచుల్లో సిరా కాస్త చిక్కగా గీతలా ఉంటుంది, పేజీ తిప్పి వేలితో మెల్లగా తడిమితే వెనక గరుకు తగులుతుంది. రీప్రింట్ అయితే అక్షరాలు నున్నగా ఉంటాయి, పాత కాపీ మీద మరకలు, మడతలు కూడా ఫొటోలా ప్రింటై కనిపిస్తాయి, అదే పెద్ద గుర్తు. తర్వాత చీకట్లో యూవీ టార్చ్ వేయండి, కాగితం తెల్లగా నీలంగా మెరిసిందంటే 1940ల తర్వాతి కాగితమే అనుకోవచ్చు. మెరవనంత మాత్రాన ఒరిజినల్ అని మాత్రం ఫిక్స్ అవ్వకండి.

ఇంకోటి, లైబ్రరీ ముద్ర గానీ, చెరిపేసిన గుర్తు గానీ ఉందేమో ప్రతి పేజీ చూడండి. 1921లో ఈ గైడ్‌కి పేరిచ్చిన పాత ఆటగాడు, వ్యాపారి స్పాల్డింగ్ గారి బేస్‌బాల్ కలెక్షన్ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరింది, తర్వాత అందులోవి కొన్ని మాయమయ్యాయి. ముద్ర ఉంటే ముందు ఆ లైబ్రరీకి ఒక మెయిల్ పెట్టండి, అమ్మడం గురించి తర్వాత చూద్దాం.

కాగితం పొడి పొడిగా రాలుతోందని కూడా అన్నారు కదా, అది చెక్క గుజ్జు కాగితంలో యాసిడ్ వల్ల. మైలార్ (పారదర్శకమైన పాలిస్టర్) కవర్‌లో పెట్టి, వెనక యాసిడ్ లేని అట్ట పెట్టి, ఎండ తగలని చోట పడుకోబెట్టండి. అట్ట వెనక వైపు, ఒక లోపలి పేజీ దగ్గరగా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, నేను చూస్తా.