రంపచోడవరం వెళ్తున్న మా చిట్టికి

చిట్టితల్లీ,

రంపచోడవరం ఏరియా ఆసుపత్రిలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో తొలి డాక్టరువి, ఏజెన్సీలోనే చేస్తానని కోరి మరీ వెళ్తున్నావు. ఎంత పొంగిపోయానో, అంత టెన్షనూ పట్టుకుంది. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

దోమతెర, టార్చి, రెయిన్‌కోటు మర్చిపోకు. స్టాఫులో ఎవరిది ఏ బ్లడ్ గ్రూపో చేరిన రోజే రాసి పెట్టుకో.

నా భయమంతా నడుం పక్క నొప్పి గురించే. నేను నర్సుగా చేసిన ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఏడో నెల గర్భిణి ఎడమవైపు నొప్పితో వచ్చింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, కడుపు మెత్తగా ఉంది. కిడ్నీలో రాయి అన్నారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. బీపీ 110/70 దగ్గరే ఉంది. నాడి మాత్రం 96, తర్వాత 112, తర్వాత 128. అంకెలన్నీ కేస్ షీటులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, వరసగా చదివినవాళ్లే లేరు. దుప్పటి మార్చడానికి పక్కకు తిప్పితే ఎడమ నడుం ఉబ్బి గట్టిగా ఉంది, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. అప్పుడు పరుగులు పెట్టారు. కిడ్నీ తీసేశారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

అది ఆంజియోమయోలైపోమా. కిడ్నీలో కొవ్వు, కండరం, రక్తనాళాలు కలిసి పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు. కానీ ఆ నాళాల గోడలు బలహీనం. 4 సెంటీమీటర్లు దాటినా, గర్భం వచ్చినా పగిలే ప్రమాదం ఎక్కువ. రక్తం పొట్ట వెనక చేరుతుంది కాబట్టి కడుపు నొక్కితే తెలియదు, మామూలు స్కానింగులోనూ దొరక్కపోవచ్చు. ఆ అమ్మాయి ముక్కుకు అటూ ఇటూ సన్నని ఎర్రటి పొక్కులుండేవి, అందరూ మొటిమలనుకున్నారు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని వాళ్లమ్మ తర్వాత చెప్పింది. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జన్యు జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ గడ్డలు రెండు కిడ్నీల్లోనూ వస్తాయి. ముఖం చూడు, ఫిట్స్ సంగతి అడుగు.

వయసులో ఉన్నవాళ్లకు మూడోవంతు రక్తం పోయేదాకా బీపీ నిలబడొచ్చు. నాడే ముందు చెబుతుంది. మొదటి హిమోగ్లోబిన్ రిపోర్టు బాగుందని ధైర్యపడకు. గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడినవాళ్లకు కుడివైపు నొప్పి వస్తే లివర్ అడినోమా, అంటే కాలేయంలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డ, కూడా గుర్తుంచుకో, అదీ ఇలాగే పగలొచ్చు.

నీకో చెడ్డ అలవాటుంది. పెద్దవాళ్లు ఏమన్నా తలూపేస్తావు. అర్ధరాత్రి సీనియర్ ఫోన్‌లో ‘పొద్దున చూద్దాం’ అంటే ‘సరే సార్’ అని పెట్టేయకు. నాడి అంకెలు చదివి వినిపించు. కోప్పడితే పడనీ. మారేడుమిల్లి అవతల నుంచి ఘాట్ దాటి వచ్చేవాళ్లకు దారిలోనే గంటలు గడిచిపోతాయి. చేతికి రెండు సెలైన్ లైన్లు పెట్టి, రక్తానికి చెప్పి, 108లో కాకినాడకు పంపెయ్. గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మూసే ఎంబొలైజేషన్ ఎక్కడ చేస్తారో ముందే కనుక్కో. వేళకు అందితే కిడ్నీ కూడా దక్కుతుంది.

తిట్టానని మొహం ముడుచుకోకు బంగారం. గోంగూర పచ్చడి, కందిపొడి మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. నైట్ డ్యూటీకి ముందు అన్నం తిను. అనుమానం వస్తే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్, ఎత్తుతాను.

మీ పెద్దమ్మ