గోశాలలో డిమెన్షియా పెద్దవాళ్లకూ చోటు: ముందు నేల, తర్వాత దాణా గది

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర మీరు కట్టబోయే పశువుల షెడ్డులో (ముసలి ఆవులు, మేకలు, కొన్ని వీధికుక్కలు అన్నారు) డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఉన్న పెద్దవాళ్లు పగటిపూట గడిపే ఏర్పాటు కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నెదర్లాండ్స్‌లో పాడి పొలాల్లోనే ఇలాంటివాళ్లను పగలంతా చూసుకుంటారు. నేనైతే మా నాన్నను ఇక్కడికి దగ్గర్లోనే ఒక గోశాలకు రెండేళ్లు తీసుకెళ్లాను. వాళ్లకని వేరే హాలు కట్టే డబ్బుంటే, ముందు నేల మీద పెట్టండి.

అక్కడ ఆవులు జారకుండా గుమ్మంలో నల్ల రబ్బరు మ్యాట్ పరిచారు. మొదటిరోజే నాన్న దాని ముందు ఆగిపోయి, "గొయ్యి తవ్వీసి ఇలా వదిలీసినారేట్రా?" అన్నారు. చెయ్యి పట్టి లాగితే నన్నే తోసేశారు. అరగంటకు గానీ నాకు వెలగలేదు. ఈ జబ్బులో కంటికి లోతు సరిగా అందదు. నలుపు గొయ్యిలా, మెరిసే టైలు నీళ్లలా అనిపిస్తుంది. మ్యాట్ మీద నేల రంగు గోనెసంచి పరిస్తే నడిచి వెళ్లిపోయారు. కాబట్టి అంతా ఒకే రంగు గరుకు సిమెంటు. నడిచే దారి గోడ దగ్గర ఆగిపోకుండా చుట్టి మొదటికే రావాలి. బయటి గేటు వాళ్ల కంట పడకుండా దానికి గోడ రంగే వేయండి, మరుగుదొడ్డి తలుపుకు మాత్రం దూరం నుంచే కనబడే రంగు.

దాణా గది సంగతి ఏ ఇంజనీరూ చెప్పడు. నాన్న ఎడ్ల మధ్య పెరిగిన మనిషి. పనిస్తే నెమ్మదిగా ఉండేవారు, ఊరికే కూర్చోబెడితే "ఇంటికెళ్దాం" అని గోల. కానీ పెట్టింది మర్చిపోయి మళ్లీ పెట్టేవారు. ఒకరోజు పొద్దున్న ఒకే ఆవుకి ఐదుసార్లు అన్నం, తవుడు పెట్టేశారు. మధ్యాహ్నానికి దాని ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చేదాకా మా ప్రాణాలు పైనే. తప్పు నాన్నది కాదు, బస్తా ఎదురుగా తెరిచిపెట్టిన మాది. ఆ గదికి తాళం వేసి, ఆ పూటకి కొలిచిన ఒక్క బకెట్టే బయట ఉంచండి. ఎండుగడ్డి మాత్రం ఎన్నిసార్లైనా వెయ్యనివ్వండి. నాన్న పదిసార్లు వేసేవారు, ఆవూ కాదనేది కాదు.

కుక్కలు వేరే ఆవరణలో ఉంటే మేలు. అన్నీ ఒకేసారి మొరిగితే మనకే టెన్షన్. టీకాలు పడిన, నెమ్మదైన ముసలి కుక్కను ఒకదాన్ని పక్కన కూర్చోబెట్టొచ్చు. కరిచినా గీరినా కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కరిచిన సంగతి వాళ్లు చెప్పకపోవచ్చు, ఇంటికి పంపేముందు చేతులూ కాళ్లూ మీరే చూడండి.

నాన్న ముప్పై ఏళ్లు ఒడియాలో లెక్కలు రాశారు. జబ్బు ముదిరాక ఒడియా ముందు పోయింది, తెలుగే మిగిలింది. బోర్డుల మీద రెండు భాషలూ, పైన పెద్ద బొమ్మా ఉండాలి. పనికి పెట్టే కుర్రాడికి తెలుగు రావాలి.

ఎవరొస్తారని అనుమానం వద్దు. 2023 నాటి అంచనాలో మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా ఈ సమస్య ఉంది. నలుగురితో మొదలెట్టండి, ఒక్కొక్కరి వెంట ఇంటి మనిషి తప్పనిసరి. నాలుగింటికల్లా పంపేయండి. పొద్దు వాలేకొద్దీ చాలామందికి తికమక, భయం పెరుగుతాయి, పాలు పితికే హడావిడీ అప్పుడే.

ప్లాన్ గీయించాక ఫొటో పెట్టండి, గేటు ఎక్కడొచ్చిందో చూసి చెబుతాను.