నానమ్మ మోకాళ్ల ప్రశ్నకు ఏ శాస్త్రం చదవాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో, ఉప్పల్‌లో ఉంటున్నాం. నేను గోదాములో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వాళ్ల నానమ్మ కాళ్లు వంగిపోవడం చిన్నప్పటి నుంచీ చూసింది. పరిశోధన చేస్తానంటోంది. కానీ ఒకరోజు కెమిస్ట్రీ అంటుంది, ఒకరోజు వ్యవసాయం, మరోరోజు ప్రజారోగ్యం, ఇంకోరోజు సోషియాలజీ. ఏదో ఒకటి తేల్చుకోమంటే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఈ నాలుగు రంగాల వ్యాసాలూ వేసే జర్నల్ ఒకటి ఉందనీ, నాలుగు వేలు కడితే వారంలో పేపరు వస్తుందనీ, పీహెచ్‌డీ సీటుకు పనికొస్తుందనీ తెలిసినవారు చెబుతున్నారు. కట్టమంటారా? పరిశోధన ఎన్నేళ్లు పడుతుంది? మధ్యలో పెళ్లి సంబంధాలు వస్తే ఎలా? - ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: నాలుగు వేలూ కట్టవద్దు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. ఎందుకు వద్దో కూడా చివర్లో చెబుతాను.

మీ అమ్మాయి తేల్చుకోలేకపోతున్నదని రాశారు. ఉత్తరం చదివాక నాకు అలా అనిపించలేదు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి సబ్జెక్టు సిద్ధంగా ఉంటుంది. ఎందుకు పరిశోధన అంటే మాత్రం మాట రాదు. మీ అమ్మాయికి ప్రశ్న దొరికింది. అది ఇంట్లోనే, కళ్లెదుటే మంచం పట్టి కూర్చుంది. అలాంటి ప్రశ్న ఉన్న పిల్ల నాలుగు శాస్త్రాల పేర్లు పలకడం తడబాటు కాదండీ. ఆ ప్రశ్న నిజంగానే నాలుగు శాస్త్రాల్లోనూ కాళ్లు చాపుకుని ఉంది.

మీ ప్రాంతం సంగతే చూడండి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1970లలో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లలనూ యువకులనూ పరీక్షించారు. అది వైద్యం. జొన్న ఎక్కువగా తినేవారి శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందా అని కూడా పరిశీలించారు. అక్కడికి పంట, పళ్లెం వచ్చేశాయి. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. అది రసాయనశాస్త్రం. మరి శుద్ధి చేసిన నీళ్లు ఊళ్లోకి వచ్చిన తర్వాత కూడా కొన్ని ఇళ్లలో బోరు నీళ్లే ఎందుకు తాగుతారు, ఏ వాడకు మంచినీళ్లు ముందు చేరతాయి, ఏ వాడకు ఆఖరున చేరతాయి? ఇవి పరీక్షనాళికలో తేలవు. వాటికి సామాజిక శాస్త్రం కావాలి.

కాబట్టి నాలుగింటిలో మూడింటిని వదిలేయమని ఆమెను అడగకండి. అలాగని నాలుగు గుమ్మాల్లోంచీ ఒకేసారి ఇంట్లోకి వెళ్లలేం. ఏ గుమ్మం ముందు నిలబడి ఉందో దానిలోంచే లోపలికి వెళ్లి, తర్వాత మిగతా గదుల్లోకి నడవాలి. ఆమె ఇప్పుడు కెమిస్ట్రీ గుమ్మం దగ్గర ఉంది.

మనవాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అలాగే నడిచారు. మద్రాసులో వైద్యం చదివారు. హార్వర్డ్‌కు వెళ్లి, రక్తంలోని భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనలోంచి బోదకాలుకు ఇచ్చే మందు వచ్చింది. వైద్యుడై ఉండి రసాయనశాస్త్రంలోకి నడిచారు, ఆ దారిన మళ్లీ రోగి దగ్గరకే చేరారు. కానీ ఏ గదిలో ఉన్నప్పుడు ఆ గదిలో చేతులు పూర్తిగా పనిలో పెట్టారు.

ఇక, ఏ శాస్త్రమైనా పేరు చూసి ఎంచుకోవడం కంటే దాని రోజువారీ పనిని చూసి ఎంచుకోవడం మంచిది. ఐదేళ్లపాటు రోజూ ఉదయం లేచి చేయాల్సింది ఆ పనే కదా. ఒక్కో చోట ఆ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, అమ్మాయికి చదివి వినిపించండి.

ల్యాబ్‌లో అయితే ఇలా ఉంటుంది. మీ ఊరి బోరు నుంచి నీళ్లు తెచ్చారనుకుందాం. ఫ్లోరైడ్ కోసం తెచ్చే నీటిని గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో తెస్తారు. దానికి అంతే కొలతలో బఫర్ ద్రావణం (నీటి ఆమ్లత మారకుండా నిలిపేది) కలిపి, అయస్కాంతపు కడ్డీ తిరుగుతుండగా ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ ముంచుతారు. దాని కొసన చిన్న లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. తెర మీద అంకె కాసేపు అటూ ఇటూ ఊగి ఒకచోట నిలుస్తుంది. అది నిలిచేదాకా కదలకుండా చూడాలి. అంతకుముందు, ఎంత ఫ్లోరైడ్ ఉందో తెలిసిన ద్రావణాలతో ఆ పరికరాన్ని సరిచూసుకోవాలి. ఒక్క సీసాకు ఇంత పని. రెండు వందల సీసాలు వరుసలో ఉంటాయి. నూట నలభయ్యో సీసా దగ్గర కూడా మొదటి సీసాకు ఇచ్చినంత శ్రద్ధ ఇవ్వగలిగితే ఆమె కెమిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. తెర మీది అంకె ఆ హద్దుకు ఇటో అటో పడటం మీద ఒక ఊరు తాగే నీళ్ల సంగతి ఆధారపడి ఉంటుంది.

సర్వే చేసేవారి రోజు పూర్తిగా వేరు. వాకిట్లో చెప్పులు విడిచి, కూర్చోమన్న చోట కూర్చోవాలి. పోషకాహార సర్వేల్లో కొలత గిన్నెలు వెంట తీసుకెళతారు. 'నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారమ్మా? అన్నం ఈ గిన్నెతో అయితే ఎంత?' అని ఓపికగా అడుగుతారు. ఇంటావిడ 'నల్లా నీళ్లే తాగుతాం' అంటుంది. కాసేపటికి మనవడు వంటింట్లోని బిందెలోంచి చెంబు ముంచుకు తాగుతాడు. ఆ బిందెలోవి బోరు నీళ్లు. ఆమె అబద్ధం చెప్పలేదు. పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఏ జవాబు నచ్చుతుందో అది చెప్పింది. ఆమె మాటకూ బిందెకూ మధ్య ఉన్న తేడాను గమనించి, ఆమెను నొప్పించకుండా మళ్లీ అడగగలగడమే సామాజిక శాస్త్రవేత్త చేతి పని. మీ అమ్మాయికి ఆ ఊరి మాట వచ్చు, ఆ వాకిలి తెలుసు. ఇది ఏ కోచింగ్‌లోనూ దొరకని అర్హత.

వ్యవసాయ పరిశోధనను కాలమే నడుపుతుంది. వరిలో సంకరం చేయాలంటే సాయంత్రం పూట గింజ కొస కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసేసి, కంకికి కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు ఎండ ఎక్కేవేళ రెండో రకం పుప్పొడి దులుపుతారు. అలా మొదలైన పని రైతు చేతికి విత్తనంగా చేరడానికి ఏళ్లు పడుతుంది. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి తయారుచేశాయి. 2008లో విడుదలైంది. పొలంలో దిగే శాస్త్రవేత్త, డీఎన్‌ఏ చూసే శాస్త్రవేత్త ఒక్క గింజ కోసం కలిశారు. అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీకి సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతారు. ఇప్పుడు వెనక్కి వెళ్లి నాలుగేళ్ల డిగ్రీ మళ్లీ మొదలుపెట్టమని నేను చెప్పను. నేల, నీరు, పంటల్లోని రసాయనాల మీద పని చేయడానికి కెమిస్ట్రీ దారి కూడా ఉంది.

వైద్యం సంగతి తొందరగా ముగిస్తాను. వైద్య పట్టా లేకుండా రోగికి చికిత్స చేయలేరు, కానీ వైద్య పరిశోధనలో పాలుపంచుకోవచ్చు. జీవరసాయనశాస్త్రం, పోషకాహారం, గణాంకాలు, ప్రజారోగ్యం చదివినవారు ఎందరో అక్కడ ఉన్నారు. మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా ముందు నైతిక కమిటీ అనుమతి, తర్వాత ప్రతి మనిషి సమ్మతి తీసుకోవాలి. నానమ్మ కాళ్ల ఎక్స్‌రే అయినా సరే.

ఇక దారి. ఈ ఏడాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రవేశాలకు సిద్ధం కమ్మనండి. ఉస్మానియా, రాష్ట్రంలోని మిగతా విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్. మూడూ రాయవచ్చు. నీటి విశ్లేషణ, పర్యావరణ రసాయనశాస్త్రం వైపు ప్రాజెక్టు దొరికే చోటుకు ప్రాధాన్యం ఇవ్వండి. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో, పరిశోధనలో చేరడానికి పనికొచ్చే సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ పరీక్షలు రాయాలి. సోషియాలజీయే కావాలని అప్పటికీ మనసు లాగుతుంటే ఆ ఎంఏకి చాలాచోట్ల ఏ డిగ్రీవారైనా అర్హులే, ఆ తలుపు ఎటూ మూసుకుపోదు. పోషకాహార సంస్థ నడిపే అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ప్రకటన వచ్చినప్పుడు అర్హతలు చూసుకోండి. మీ అమ్మాయి ప్రశ్నకు అదీ దగ్గరి చుట్టమే.

డబ్బు గురించి మీరు అడగలేదు. అడగడానికి మొహమాటపడ్డారనిపించింది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. జేఆర్‌ఎఫ్ రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000 మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య దూరం చూశారు కదా. అందుకే నాలుగు వేల పేపరు కంటే నెట్ పుస్తకాల మీద ఒక ఏడాది కూర్చోవడమే ఇంటికి మేలు. జేఆర్‌ఎఫ్ రాలేదని అప్పు చేసి పీహెచ్‌డీలో చేరవద్దని నా గట్టి సలహా. ఇంకోసారి రాయవచ్చు. ఈలోగా ల్యాబ్‌లలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరవచ్చు.

పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనల ప్రకారం తక్కువలో తక్కువ మూడేళ్లు, మామూలు గడువు ఆరేళ్లు. ఆడపిల్లలకు మరో రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతికీ బిడ్డ సంరక్షణకూ 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి. కాబట్టి పెళ్లికీ పరిశోధనకూ నిబంధనల్లో పోట్లాట లేదు. సంబంధం చూసేటప్పుడు 'మా అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుంది, మధ్యలో ఆపదు' అన్న మాట కట్నకానుకల మాట కంటే ముందు మీ నోటి నుంచి రావాలి. ఆ మాట ఆమె చెబితే ఒకలా వింటారు, తండ్రి చెబితే మరోలా వింటారు. ఇది మన సమాజంలో ఉన్న లోపమే, కానీ ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఇప్పుడు ఆ జర్నల్. నాలుగు రంగాల వ్యాసాలూ వేయడం తప్పేమీ కాదు. బెంగళూరు నుంచి 1932లో మొదలైన కరెంట్ సైన్స్ కూడా అనేక శాస్త్రాల వ్యాసాలు వేస్తుంది. కానీ అక్కడ వ్యాసాన్ని ఆ విషయం తెలిసినవారు చదివి, లోపాలు చూపి, దిద్దుకు రమ్మంటారు. దానికి నెలలు పడుతుంది. వారం రోజుల్లో, డబ్బు అందగానే అచ్చయ్యే వ్యాసాన్ని ఎవరూ చదవలేదన్నమాట. కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయి ఇలాంటి పేపరు, సర్టిఫికెట్ పట్టుకుని పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్లాడు. పేపరులో ఉన్న గ్రాఫ్ చూపించి 'ఈ గీత ఇక్కడ ఎందుకు వంగింది?' అని ఒక ప్రొఫెసర్ అడిగారు. అతనికి తెలియదు, ఆ గ్రాఫ్ అతను గీసింది కాదు. బయటకు వచ్చి నాకు ఫోను చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాడు. మంచి పిల్లవాడు. ఆ సర్టిఫికెట్ లేకుండా వెళ్లి ఉంటే తనకు వచ్చినంత కెమిస్ట్రీ చెప్పి ఉండేవాడు. పైగా థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు తప్పనిసరి అన్న షరతును కూడా 2022 నిబంధనల్లో యూజీసీ తీసేసింది.

అమ్మాయికి ఒక మాట. అమ్మా, ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే కాసేపట్లోనే ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు వస్తాయి. సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, పోషకాహార సంస్థ, ఉస్మానియా అన్నీ ఆ దారినే ఉన్నాయి. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికీ, సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినానికీ ఈ ల్యాబ్‌లు సందర్శకులకు తలుపులు తెరుస్తుంటాయి. వెళ్లి, అక్కడి స్కాలర్లను పట్టుకుని 'నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?' అని అడుగు. నీ డిగ్రీ ప్రాజెక్టుకు కూడా వేరే అంశం వెతకవద్దు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పది ప్లాస్టిక్ సీసాలు పట్టుకెళ్లు. ఏ బోరు, ఏ వాడ, ఎన్ని అడుగుల లోతు, ఏ తేదీ అన్నది సీసా మీద అక్కడికక్కడే రాసి అతికించు. ప్రతి ఇంట్లో వంటింటి బిందె ఎక్కడ నింపుతారో చూసి నోటుపుస్తకంలో రాసుకో. ఆఖరి సీసా నానమ్మ ఇంటి దగ్గరి బోరుది. నింపేముందు ఆమె పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగిందో, కాళ్ల నొప్పి ఎప్పుడు మొదలైందో అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో.