క్యాలిపర్ వేసుకునేవాళ్లు వేసవి శిబిరంలో వాలంటీరుగా చేయగలరా?

కాలికి క్యాలిపర్ (బలహీనమైన కాలికి ఆసరాగా కట్టుకునే కడ్డీల చట్రం) ఉన్న మీరు పిల్లల సమ్మర్ క్యాంపులో పని చేయగలరా, వాళ్లకు భారమవుతారా అని అడిగారు. చేయగలరు. నాకూ చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. తొడదాకా క్యాలిపర్, చేతిలో కర్ర. హైదరాబాద్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మే నెలలో జరిగే శిబిరానికి కొన్నేళ్లుగా వెళ్తున్నాను.

భారమన్న మాట ఎక్కడ పుడుతుందో చెప్తాను. మనం వెళ్లగానే నిర్వాహకులు ఎంతో ప్రేమగా గుమ్మం దగ్గర కుర్చీ వేసి, రిజిస్టర్ చేతిలో పెడతారు. "మీరు కూర్చోండి మేడమ్, తిరిగే పనులు మావాళ్లు చూసుకుంటారు" అంటారు. పేర్లు రాసుకోవడం అరగంటలో అయిపోతుంది. ఆ తర్వాత ఊరికే కూర్చుంటే, ఎవరూ ఏమీ అనకపోయినా, మనకే ఎందుకొచ్చామా అనిపిస్తుంది. అందుకే చేరకముందే ఫోన్ చేసి చేయలేనివీ, చేయగలిగేవీ రెండూ ఇలా చెప్పేయండి: "మెట్లెక్కి పై అంతస్తుకు రాలేను, పిల్లల వెంట పరిగెత్తలేను. కథలు చెప్తాను, చెస్ నేర్పిస్తాను, కాగితాలతో బొమ్మలు చేయిస్తాను, రోజూ ఒక గంట నాకివ్వండి." ఆ గంట టైంటేబుల్‌లో మీ పేరు మీద పడేదాకా వదలొద్దు. ఇందుకు వైకల్యం సర్టిఫికెట్ చూపించాల్సిన పని లేదు, అది పెన్షన్‌కీ బస్ పాస్‌కీ అడిగేది.

పిల్లల గురించి టెన్షన్ అసలు వద్దు. మొదటి రోజే "ఆంటీ, మీ కాలికి ఈ ఇనుప కడ్డీలేంటి?" అని మొహం మీదే అడుగుతారు. పక్కనున్న పెద్దవాళ్లు "ష్, అలా అడక్కూడదు" అని వాళ్ల నోరు మూయించేలోపే మీరు జవాబు చెప్పేయండి. ఈ పిల్లలకు పోలియో అంటే ఆదివారం పూట వేసే రెండు చుక్కలే. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరించారు, అంటే వీళ్లు పుట్టేనాటికే అది పోయింది. ఆ చుక్కలు ఎందుకు వేస్తారో నన్ను చూశాకే వాళ్లకు అర్థమైంది. వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను వైరస్ దెబ్బతీస్తుందనీ, స్పర్శ మాత్రం ఎక్కడికీ పోదనీ చెప్తే ఒకడు నమ్మలేదు. గిచ్చి చూడమన్నాను. గట్టిగానే గిచ్చాడు, వెధవ. మోకాలి దగ్గర లాక్ తీసి, కాలు మడిచి మళ్లీ బిగించి చూపిస్తే అందరూ వరస కట్టి తామూ తీస్తామన్నారు. మర్నాటికి ఆ సంగతే మర్చిపోయి, కథ ఎక్కడ ఆగిందని పోట్లాట మొదలెట్టారు.

ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. చిన్నపిల్లాడు ఎవడైనా గేటు దాటి రోడ్డు మీదికి పరిగెడితే మనం అందుకోలేం. మీ గంటలో ఇంకో వాలంటీరు తలుపు దగ్గర ఉండి తీరాలని పట్టుబట్టండి. ఇది మన మీద జాలితో చేసే ఏర్పాటు కాదు, పిల్లల భద్రత.

ఎండల్లో తోలు పట్టీల కింద చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది. లోపల పొడవాటి కాటన్ సాక్స్ వేసుకుని, సంచిలో ఇంకో జత పెట్టుకోండి. వీలైతే పొద్దున బ్యాచ్ అడగండి. నీళ్ల ఆటలు ఆడించే రోజు తడి గచ్చు మీదికి వెళ్లకండి, కర్ర వాడేవాళ్లయితే దాని అడుగున రబ్బరు అరిగిందేమో ముందే చూసుకోండి. పిల్లలతో పాటు కింద కూర్చోవాలని అనిపిస్తుంది కానీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. వాళ్లను చాపల మీద కూర్చోబెట్టి మీరు చేతులున్న కుర్చీలో కూర్చోండి.

ఒప్పుకునే ముందు ఒకసారి వెళ్లి బాత్రూమ్ చూసి రండి. చాలా హాళ్లలో ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉంటుంది, క్యాలిపర్‌తో దాన్ని వాడటం నరకం. పక్కింట్లోనో దగ్గర్లోని స్కూల్లోనో ఏర్పాటు చేయమని అడగండి. కుదరదంటే మొహమాటపడకుండా ఇంకో శిబిరం చూసుకోండి. పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని మాత్రం చేయకండి.